వచ్చిండా, పోయిండా?

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ముందు నేను శిరస్సు వంచి, రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకోవలసిన వారు చాలామంది ఉన్నారు. మొట్టమొదట యావత్ జపాన్ దేశానికి. ఆ దేశపు మల్లయోధులకు. అక్కడ ఈత నేర్చుకున్న, నేర్చుకుంటున్న, నేర్చుకోబోతున్న ఆడపిల్లలందరికీ. పెషావర్ నుంచి వచ్చిన ఒక పఠాన్ డ్రైవర్‌కు. పుస్తకాన్ని కుడి నుంచి చదివేవారికి, ఎడమ నుంచి చదివేవారికి, అసలు చదవకుండా తలకింద పెట్టుకుని నిద్రపోయేవారికి. గులాబీ రంగు కాగితానికి. ఇందులో ఎవరి మనసు నొచ్చినా అది నా అజ్ఞానమే తప్ప దురుద్దేశం కాదని మనవి. ఈ మనవి కూడా పూర్తిగా నిజం కాదు.

ఇక అసలు వార్త. మా కాక పోయాడు.

దుబాయ్ దాటాక వచ్చే రాస్ అల్ ఖైమాలో, మా సైటు ఆఫీసులో డ్రాయింగుల మీద ముద్రలు కొట్టుకుంటూ ఉండగా ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. జగిత్యాల దిక్కు ఊరి నుంచి, కాక కొడుకు గొంతు. "అన్నా, బాపు పోయిండే. పగటిపూట బువ్వ తిని ఒరిగిండు. చాయ్‌కి లేపితె లెవ్వలే." మెసేజ్ అక్కడితో అయిపోలేదు. ఇంకో మాట ఉంది. అది విన్నాక ఫోన్ బోర్లా పెట్టి మళ్లీ ముద్రలు కొట్టడం మొదలుపెట్టాను. ఒక డ్రాయింగు మీద ముద్ర తలకిందులుగా పడిందని ముదీర్, అంటే మా మేనేజరు, తిట్టాడు. ఆ రెండో మాట ఏమిటో చివర చెబుతాను. అప్పటికి ధైర్యం చాలితే.

కాక నాకు చుట్టం కాదు. మా క్యాంపు గదిలో అందరికీ కాకే. సముద్రపు నీళ్లను తాగునీళ్లు చేసే ప్లాంటు ఒకటి కడుతున్నారు. దాని పంపులు బిగించే జపాన్ ఇంజనీర్లు ఒక విల్లాలో ఉండి, అక్కడే ఆఫీసు నడుపుతారు. కాక ఆ విల్లాలో ఆఫీస్ బాయ్. నెత్తి నెరిసింది, మనవరాలు బడికి పోతోంది, అయినా బాయే. దుబాయ్ ఇచ్చే హోదాల్లో వయసు పెరగనిది అదొక్కటే. నేను అదే ప్రాజెక్టులో కాగితాలు మోసేవాణ్ణి. కరీంనగర్‌లో బీకాం చదివాను కాబట్టి కాక నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ. "ఏం బీకామూ, తిన్నవా?" అనేవాడు. ఆ పిలుపులో వెటకారం వెతికాను చాలాసార్లు. లేదు. నా చదువు మీద నాకంటే ఆయనకే గౌరవం ఎక్కువ.

విల్లాలో అబ్బిన అలవాటు ఒకటి గదికి తెచ్చాడు. డ్యూటీ నుంచి వచ్చి మేం గుమ్మం దగ్గర ఎట్లా పడితే అట్లా వదిలేసిన చెప్పుల్ని, బూట్లను జతలు చేసి, వేళ్లవైపు బయటికి ఉండేట్టు తిప్పి పెట్టేవాడు. మా గదిలో గోదావరి జిల్లా ఎలక్ట్రీషియన్ ఒకడున్నాడు, ఎవర్నీ ఊరికే వదలడు.

"ఏంటి కాకా, మమ్మల్నందర్నీ బయటికి పొమ్మనేనా దీనర్థం?"

"కాదు బిడ్డా. జపానోళ్ల ఇంట్ల గిట్లనే పెడ్తరు. చెప్పులు బయటికి సూస్తున్నయంటె మనిషి లోపలున్నట్టు."

"మరి మనిషి బయటికెళ్తే?"

"అప్పుడు చెప్పులే ఉండయి కదరా."

ఇప్పుడు పుస్తకం సంగతి. సెలవు మీద ఇంటికి పోయి వచ్చే ఇంజనీర్లు పెట్టెల్లో ఒక వారపత్రిక కట్టలు తెచ్చుకునేవారు. ఇటుక అంత లావు. లోపల చవక కాగితం, కొన్ని పేజీలు గులాబీ, కొన్ని ఆకుపచ్చ. అంతా బొమ్మల కథలే, కానీ పిల్లల కథలు కావు. పిల్లల బొమ్మల పుస్తకాలు దాటొచ్చిన మగవాళ్ల కోసం వేసే పత్రిక: అప్పులవాళ్లు, వంటవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఆఫీసులో తిట్లు తినేవాళ్లు, అందరి బతుకులూ ధారావాహికలే. అట్ట మీద మాత్రం ఈతదుస్తుల్లో నవ్వుతూ ఒక అమ్మాయి. చదవడం అయ్యాక ఇంజనీర్లు చెత్త డబ్బాలో వేసేవారు. "గింత లావు పుస్తకం పారేస్తరా!" అని కాక గదికి మోసుకొచ్చేవాడు. వచ్చే ముందు విల్లా గేటు దగ్గరే అట్ట చింపేసేవాడు. క్యాంపులో వయసు పోరగాళ్లున్నారని. అట్ట లేదు కాబట్టి ఆ పత్రిక పేరు మాకెవరికీ తెలియదు. మేం దాన్ని లావుపుస్తకం అన్నాం.

కరోనా వచ్చిన ఏడు సైటు మూసేశారు. గదుల్లోంచి కదలొద్దన్నారు. విమానాలు లేవు. ఇంటికి పోవాల్సినవాళ్ల టిక్కెట్లు ఫోన్లలోనే చచ్చిపోయాయి. అప్పుడు కాక మంచం కింది నుంచి ఆ కట్టలు బయటికి తీసి, పగటిపూట మాకు కథ చెప్పడం మొదలుపెట్టాడు.

జపాను అక్షరం ఆయనకు రాదు. బొమ్మలే చదివేవాడు. మనం ఏ పుస్తకాన్నైనా తెరిచినట్టే, ఎడమవైపు నుంచి తెరిచేవాడు. అందులో ఓడరేవులో పనిచేసే ఒక మనిషి కథ ఆయనకు ప్రాణం. కాక చెప్పే ప్రకారం ప్రతి భాగమూ ఇట్లా నడుస్తుంది: ముందు రేవు, క్రేన్లు. తర్వాత రైలు. రైలు దిగి ఆ మనిషి, భుజాన సంచీ, సందు గుండా నడుస్తాడు. గుమ్మంలో భార్య. లోపలికి పోతాడు. అన్నం ముందు కూర్చుంటాడు.

"తింటున్నకొద్దీ గిన్నె నిండుతది సూడుండ్రి! గసోంటి ఇల్లాలు దొరకాలె."

"కాకా, ఇందాక పగిలిన కప్పు ఇక్కడ అతుక్కుంది."

"జపానోళ్ల సామాన్ రా. మజ్‌బూతు ఉంటది."

భాగం అయిపోగానే ఎవరో ఒకరు అడిగేవారు, "వచ్చిండా కాకా?" "వచ్చిండు," అనేవాడు కాక పుస్తకం మూస్తూ. "వారం వారం ఇంటికొస్తడు. ఒక్క వారం నాగ లేదు. మనిషంటె వాడు." నవ్వేవాళ్లం. ఇల్లు చూసి మూడేళ్లయినవాళ్లు ఉన్నారు ఆ గదిలో. ఆ మనిషి ఇంటికి చేరడం మాకు అంత అవసరంగా ఉండేది.

పక్క గది పఠాన్ డ్రైవర్ ఒకరోజు చాయ్‌కి వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఉర్దూ చదివిన చెయ్యి. తనంతట తానే కుడివైపు నుంచి తెరిచింది. నాలుగు పేజీలు తిప్పి మొహం అదోలా పెట్టాడు.

"కాకా, యే ఆ నహీ రహా. జా రహా హై."

వాడు రావడం లేదట, పోతున్నాడట. గది భగ్గుమంది. "నీ ఉర్దూ జపాన్ల నడువదు ఖాన్!" "అరే భాయ్, కితాబ్ కా ముఁహ్ ఇధర్ హై!" పుస్తకానికి మొహం ఎటున్నదో తేల్చడానికి అరగంట వాదులాట. చివరికి కాక నా వైపు తిరిగాడు.

"బీకామూ, నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్పు. వస్తుండా, పోతుండా?"

నాకు తెలుసు. కాలేజీలో ఇట్లాంటి బొమ్మల కథలు ఫోన్‌లో బోలెడు చదివాను. జపాను పుస్తకం కుడి నుంచే మొదలవుతుంది. ఖాన్ చెప్పిందే నిజం. ఒక్క మాట చాలు. కానీ గది మొత్తం నన్నే చూస్తోంది. నేను ఎగువ మంచం మీద కూర్చుని ఉన్నాను, కాళ్లు వేలాడేసుకుని, సభాధ్యక్షుడిలా. అంత మంచి వేదిక మళ్లీ దొరకదనిపించింది.

"ముందు మీకు ఈ పత్రిక చరిత్ర తెలియాలి," అన్నాను.

అక్కడ మొదలైంది. పూర్వం జపాన్‌లో ఒక మల్లయోధుడు ఉండేవాడు. కుస్తీలు మానేశాక ఇంటికి దూరంగా ఉండే మగవాళ్ల కోసం ఈ పత్రిక పెట్టాడు. తెల్ల కాగితం మీద కన్నీటి మరకలు కనబడతాయి కాబట్టి గులాబీ కాగితం వాడించాడు. జపాన్‌లో తక్కిన పుస్తకాలన్నీ కుడి నుంచే తెరుస్తారు, ఖాన్ చెప్పింది ఆ మేరకు కరెక్టే. కానీ ఈయన మాత్రం, ఇంటి నుంచి పోయేవాణ్ణి చూపించను, ఇంటికి వచ్చేవాణ్ణే చూపిస్తాను అని ఒట్టు పెట్టుకుని ఎడమ నుంచి వేయించాడు. అందుకే దీన్ని మగవాళ్లు రైళ్లలో దాచుకుని చదువుతారు.

గోదావరి వాడు మంచం మీద పడి దొర్లాడు. నా అబద్ధం వాడికి అర్థమైంది, నవ్వు ఆపుకోలేకపోయాడు. కాకకు అర్థం కాలేదు. ఆయన కళ్లు మెరిశాయి. "సూసినవా ఖాన్!" అన్నాడు. పఠాన్ నా మొహం కాసేపు చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు మా గదికి చాయ్‌కి రాలేదు.

చరిత్ర నేను ఆపలేదు. గిరాకీ ఉంది కదా. అట్ట మీది అమ్మాయి సంగతేమిటని కాక అడిగితే, ఆ మల్లయోధుడి మనవరాలు, ఈత నేర్చుకుంటోంది అన్నాను. "వారం వారం పిల్ల మారుతది గద?" అంటే, మనవరాళ్లు చాలామంది అన్నాను. ఆ తర్వాత కాక అట్ట చింపడం మానేశాడు. "తాత పెట్టిన పుస్తకం మీద బిడ్డ బొమ్మేసుకున్నరు. చింపితె పాపం," అని సూపర్‌మార్కెట్ పంచే రంగు కాగితంతో బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు అట్ట వేసేవాడు. టమాటాలు, కోడిగుడ్ల బొమ్మల వెనక ఆ అమ్మాయిలు మర్యాదగా దాక్కుని ఉండేవారు. అది చూసి మేం విడిగా నవ్వుకున్నాం. ఎంత నవ్వుకున్నామో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

విమానాలు మళ్లీ తిరిగాయి, కొత్త సంచికలు వచ్చాయి. కాక వాటిని చేతిలో తూచి చూసేవాడు. "బీకామూ, పుస్తకం చిక్కిపోతుందిరా. ఆ పెద్దమనిషి పానం బాగలేదా?" "షుగర్ కాకా," అన్నాను. "పత్రికలకు కూడా వస్తుంది." కాక అయ్యో అని బాధపడ్డాడు.

ఒకరోజు నేను డ్రాయింగులు తీసుకుని విల్లాకు వెళ్లాను. ఇంజనీర్లు టీ తాగుతున్నారు. వాళ్లలో పెద్దాయనను కాక పెద్దసాబ్ అంటాడు. కాక ట్రే పట్టుకుని నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషు అంతా కూడగట్టుకుని, ఆడపిల్లలున్న తండ్రి గొంతుతో అడిగాడు.

"సాబ్, బుక్ గర్ల్స్... స్విమ్మింగ్ ఫినిష్? ఆల్ లెర్న్? గ్రాండ్‌ఫాదర్ హ్యాపీ?"

కుర్ర ఇంజనీర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాక వివరించాడు. మల్లయోధుడు, కన్నీటి మరకలు, ఎడమవైపు ఒట్టు, షుగర్ జబ్బు, ఒక్కటి వదలకుండా. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు. కుర్రవాళ్లు టేబుల్ కొట్టి నవ్వారు, ఒకడి చేతిలో టీ ఒలికింది. వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి కాక కూడా నవ్వాడు. కొంచెంసేపే. తర్వాత ఆ నవ్వు ఎటువైపు తిరిగి ఉన్నదో ఆయనకు తెలిసింది.

పెద్దసాబ్ నవ్వలేదు. "హూ టోల్డ్ యూ?" అని అడిగాడు.

కాక తలుపు దగ్గర నిలబడ్డ నన్ను ఒక్కసారి చూశాడు. నా చంకలో డ్రాయింగుల చుట్ట ఉంది. నేను దాన్ని సరిచేసుకున్నాను.

"నో వన్ సాబ్. మై మిస్టేక్. ఐ, నో ఎడ్యుకేషన్."

పెద్దసాబ్ లేచి కాకను కుర్చీలో కూర్చోబెట్టాడు. బల్ల మీది సంచికను ఆయన చేతుల్లో పెట్టి, నెమ్మదిగా తిరగేసి, కుడివైపు నుంచి తెరిపించాడు. అసలు చరిత్ర కూడా చెప్పాడు, చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో. తాను పిల్లవాడిగా ఉన్నప్పుడు ఇది మాసపత్రికగా మొదలైందట. పిల్లల పత్రికలు చదివి పెద్దయినవాళ్లకు చదవడానికేమీ లేకపోతే, వాళ్ల కోసం వేశారు. అది పక్షపత్రిక అయింది, వారపత్రిక అయింది. పొద్దున రైళ్లలో నిలబడి ఆఫీసులకు పోయే మగవాళ్లు చదివేవారు. దిగేటప్పుడు సామాన్లు పెట్టే అరలో వదిలేసేవారు, ఎక్కేవాడు తీసుకునేవాడు. చదివి పారేసిన పాత పుస్తకాలే మళ్లీ కాగితమయ్యేవి, అందుకే ఆ రంగు వేసేవారు, పాత సిరా కనబడకుండా. కొనేవాళ్లు తగ్గినప్పుడు అట్ట మీదికి అమ్మాయిలు వచ్చారు. తర్వాత రైళ్లలోకి ఫోన్లు వచ్చాయి. అప్పటి నుంచి చిక్కిపోతోంది.

ఆఖర్న ఓడరేవు మనిషి పేజీ మీద వేలు పెట్టాడు. "హోమ్. దెన్ రోడ్. దెన్ ట్రెయిన్. ఎవ్రీ వీక్, హీ గోస్."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాక కిటికీ పక్కన కూర్చున్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండేది, జవాబుకు ఒక జోకు సిద్ధంగా ఉంచుకున్నాను. బస్సు క్యాంపు మలుపు తిరుగుతుండగా అన్నాడు:

"పెద్దసాబ్ చెప్పిన కత మంచిగున్నది బీకామూ. ఒకడు సదివి ఇడిచిపెడ్తె ఇంకొకడు తీస్కుంటడట. మనకు వచ్చింది గూడ గట్లనే కద." బస్సు దిగబోతూ, "నువ్వు చెప్పింది గూడ మంచిగనే ఉండె," అన్నాడు.

ఆ వారం కట్టలన్నీ తీసి మళ్లీ కుడి నుంచి చూశాడు. సెలవునాడు గదిలో అందరికీ చెప్పాడు: "తప్పు నాదే. వాడు వస్తలేడు. ఇన్నొద్దులు పోతుండు."

గోదావరి వాడికి కూడా వెటకారం రాలేదు. "పోనీ కాకా, మనం ఎడం నుంచే చూద్దాం. ఎవడొచ్చి అడుగుతాడు?"

"తెలిసినంక ఎట్ల సూస్తంరా?"

ఒక గ్లాసులో చాయ్ పోసుకుని పక్క గదికి పోయాడు. "ఖాన్, తూ సహీ థా," నువ్వన్నదే నిజం అని ఒప్పుకోవడం గోడ ఇవతలికి వినిపించింది. ఆ గ్లాసు పట్టుకుని పోవాల్సింది నేను. నేను బిస్కెట్ ప్యాకెట్ విప్పుతున్నాను.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే ప్రశ్న. వారం వారం పోయే ఈ మనిషి ఆఖరుకు ఏమవుతాడు? ఇంటికొస్తాడా, అట్లానే పోతాడా? కొత్త సంచిక రాగానే కుడి నుంచి తెరిచేవాడు, చూసేవాడు, మూసేవాడు. "పోయిండు," అనేవాడు మెల్లగా. తర్వాత తనే ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి పోయాడు. పోయేరోజు కూడా గుమ్మం దగ్గర మా చెప్పులన్నీ తిప్పి పెట్టి, తనవి తొడుక్కున్నాడు.

ఊరి నుంచి ఫోన్ చేస్తే ముందు నా తిండి అడిగేవాడు. తర్వాత అదే. "వచ్చిండా, పోయిండా?" ఇంకా నడుస్తోంది కాకా అనేవాణ్ణి. నేను చూడకుండానే.

కిందటేడు పెద్దసాబ్ సెలవు నుంచి తిరిగి వచ్చి నన్ను పిలిచాడు. పత్రిక అచ్చు ఆగిపోయిందట, ఇక ఫోన్లలోనేనట. ఇదే చివరి సంచిక, ఓడరేవు మనిషి కథ కూడా ఇందులోనే ముగిసింది, అని రెండు చేతులతో నాకిచ్చాడు. "ఫర్ కాకా-సాన్," కాకగారికి అన్నాడు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే కాక పసిపిల్లాడిలా అరిచాడు.

"చెప్పకు, చెప్పకు! నువ్వు చెప్తె మళ్ల ఏదో కత అల్లుతవ్. నేనే సూస్త, కుడి దిక్కుకెల్లి సూస్త. ఎవలన్న వస్తె పంపు."

ఊరికి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. కొన్నాళ్లకు కాక అడిగితే "పంపిన కాకా, మనోనితోని," అన్నాను. ఇంకా రాలేదేం అంటే, అట్ట మీది పిల్లను చూసి కస్టమ్స్ వాళ్లు ఆపారేమో అన్నాను. కాక నవ్వాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఏదో అన్నాను.

కొడుకు మెసేజ్‌లో రెండో మాట ఇది: "దుబాయ్ నుంచి ఎవలొచ్చినా బాపు బస్టాండ్ కాడికి వోయి అడుగుతుండె, మొన్న గూడ వోయిండు. ఆ పుస్తకం ఎవలితోని పంపినవే అన్నా?"

ఎవరితోనూ పంపలేదు. మా గదిలో నేల సమంగా ఉండదు. నేను కింది మంచానికి మారాక, పైమంచం వాడు కదిలితే నా ఇనుప మంచం ఊగేది, నిద్ర పట్టేది కాదు. కాలు కింద పెట్టడానికి ఏదైనా కావాలి. పాత సంచికలు మరీ లావు. ఇది చిక్కిపోయిన పత్రిక కదా, సరిగ్గా సరిపోయింది.

మెసేజ్ విన్న రోజు మంచం ఎత్తి దాన్ని బయటికి లాగాను. కుడివైపు నుంచి తెరిచాను. అట్ట నుంచి చివరి దాకా ప్రతి పేజీలోనూ మంచం కాలు దిగిన గుండ్రటి గుంట. రేవు మీద, రైలు మీద, సందు మీద. చివరి పేజీలో మనిషి లేడు, భార్య లేదు. ఒక గుమ్మం. అందులో ఒక జత బూట్లు, వేళ్లవైపు బయటికి తిప్పి పెట్టి ఉన్నాయి. కాక ఆ పేజీని ఎటువైపు నుంచి తెరిచినా చాలు, ఒక్క చూపులో చెప్పేవాడు. ఆ బూట్ల పక్కనే, గుమ్మం నలిగిపోయేట్టు గుంట ఉంది. ఆ గుంట నాది.